సుబ్బరాజు గారి ఎడమచేతి వాచీ

కాన్‌బెర్రాలో స్ప్రింగ్ సెప్టెంబరులో వస్తుంది. మా ఇంట్లో మాత్రం ఏ శనివారమైనా రావచ్చు, నా పట్టకారులోంచి ఎగిరి, సోఫా కిందకో పప్పు గిన్నెలోకో. పాత జపాన్ వాచీలు విప్పి బిగించడం నా సరదా. "మీకో స్క్రూ లూజు" అంటుంది మా ఆవిడ హరిప్రియ. "ఒకటి కాదు, ఏడు. కార్పెట్ మీద చూసి నడు" అంటాను నేను.

ఓ ఆగస్టు శనివారం పక్క వీధి సుబ్బరాజు గారు, ఆయన భార్య శ్యామసుందరి గారు వచ్చారు. ఆయన భీమవరం వైపు పంపుహౌసు ఇంజనీరుగా రిటైరై, ఇక్కడ మా హారిసన్ పేటలోనే కూతురి దగ్గర ఉంటున్నారు. జనవరిలో చిన్న స్ట్రోకు వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. ఆ చేతికే నలభై ఏళ్ళుగా ఉన్న ఆటోమేటిక్ వాచీని కుడిచేత్తో విప్పి నా ముందు పెట్టారు.

"దీనికి కీ ఇవ్వక్కర్లేదండి వంశీ గారూ. చెయ్యి ఊగితే చాలు, అదే తిప్పుకుంటుంది. రాత్రి తీసి కిటికీ దగ్గర పెడితే పొద్దుటికి టిక్కుమంటూనే ఉండేది. ఇప్పుడు రోజూ పొద్దున్న ఆగిపోయి ఉంటోంది. మధ్యాహ్నానికి కాస్త కదిలి, మర్నాటికి మళ్ళీ అంతే. అంటే ఏంటండి? ఒక్క రాత్రికి సరిపడా కూడా నా చెయ్యి ఊగట్లేదు."

"వాచీలోనే ఏదైనా ఉండొచ్చు కదంకుల్."

"లేదండి. నా చెయ్యే నాకు చెయ్యిచ్చింది."

ఆంటీ తల కొట్టుకున్నారు. "అదే పట్టుకుని జూలై నుంచి ఫిజియోకి రావట్లేదు బాబూ! నొక్కమని రబ్బరు బంతి ఇస్తే అవతల పారేస్తారు. ఆ డాక్టరమ్మేమో ఇప్పుడు కదిలిస్తేనే వస్తుంది, తర్వాత కష్టం అంటోంది."

"ఆవిడ నన్ను బుజ్జగిస్తోంది. వాచీ బుజ్జగించదు" అన్నారాయన. వాచీకి టిక్కు పోయినా మనిషికి టెక్కు పోలేదు.

నేను నవ్వాను గానీ లోపల భయమేసింది. వాచీలో ఏ లోపమూ లేకపోతే ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే.

ఆయన సోఫాలో కునుకు తీస్తుండగా, గంటసేపటి నుంచి చల్లటి టేబుల్ మీద ఉన్న వాచీ మూత తీశాను. మూత అంచున చాకు గీతలున్నాయి. నాకన్నా ముందు ఎవరో తెరిచారు. లోపల, అర్ధచంద్రంలా ఉండే బరువు చుట్టూ, దాని కింద పళ్ళచక్రాల సందుల్లో, తెల్లగా మైనంలా ఏదో పేరుకుని ఉంది. ఏమిటా అని టేబుల్ లైటు దగ్గరకు లాగాను. రెండు నిమిషాల్లో ఆ తెలుపు కరిగి నీళ్ళలా తేటపడింది. వాసన చూశాను.

కొబ్బరి నూనె!

వెనక కప్పు చప్పుడైంది. హరిప్రియ ఇచ్చిన టీ ఆంటీ నాకు తెచ్చి, వాచీ కేసి చూస్తూ నిలబడిపోయారు.

"ఫిబ్రవరిలో అది కాస్త వెనకబడుతోందని ఆయన ఒకటే దిగులు పడ్డారు బాబూ" అన్నారు గుసగుసగా. "రోజూ చేతికి రాసే నూనే కదా, దీనికీ ఓ చుక్క వేస్తే... అప్పుడు బాగానే నడిచింది."

నడుస్తుంది మరి, ఎండాకాలం! ఇప్పుడు రాత్రిళ్ళు బయట మైనస్ మూడు. బాత్రూంలో సీసా గడ్డకట్టినట్టే రాత్రి కిటికీ దగ్గర వాచీ గడ్డకడుతోంది. పొద్దున్న చేతి వేడికి కరిగి లేస్తోంది. అంకుల్ లెక్క తప్పలేదు, నూనె ఒక్కటే ఆయన లెక్కలో లేదు.

"అయితే ఆయన చెయ్యి..."

"బాగానే పనిచేస్తోందాంటీ."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నాళ్ళూ ఆయన బెంగకి నేనేనా కారణం? ఆయనకి మాత్రం చెప్పకు నాయనా."

వారం పట్టింది. ప్రతి ముక్కా విప్పి, జిడ్డు కడిగి, ఆరబెట్టి, సూదిమొన కన్నా చిన్న చుక్కలుగా అసలు వాచీ నూనె పెట్టాను. ఆయిల్ సరైనదైతే వాచీకి ఆయువు, ఎక్కువైతే అంతే సంగతులు.

శనివారం అంకుల్‌కి మూత తెరిచే చూపించాను. "ఈ బరువు కింద చిన్న మీట ఉంది చూడండి, రెండు గోళ్ళతో. బరువు ఇటు తిరిగితే ఒక గోరు లాగుతుంది, అటు తిరిగితే రెండోది తోస్తుంది. ఎటు తిరిగినా స్ప్రింగు బిగిసేది ఒక వైపుకే. మీ చెయ్యి తడబడినా, వణికినా, అదీ జమే. చలికి లోపల నూనె గడ్డకట్టింది, అంతే. మీ చేతి తప్పు కాదు."

ఆయన నమ్మినట్టు లేరు. "రేపు పొద్దున్న చూద్దామండి" అని ఎడమ చేతికి పెట్టుకుని వెళ్ళారు.

ఆదివారం నిద్ర పట్టక ఏడింటికే, మంచు పట్టిన గడ్డి తొక్కుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర ఎండలో, ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నారు. ఆంటీ గిన్నెలో వెచ్చబెట్టిన నూనెతో చెయ్యి రుద్దుతున్నారు. కిటికీ గట్టు మీద వాచీ. ఇద్దరూ మాట్లాడటం లేదు, వింటున్నారు. నేనూ విన్నాను.

టిక్కు టిక్కు టిక్కు.

"ఐదింటి నుంచీ వింటున్నానండి" అన్నారు అంకుల్. "ఒక్క డౌటు. ముప్పై ఏళ్ళు పంపులకి నూనెలు పోయించినోణ్ణి. వాచీ నూనె ఈపాటి చలికి గడ్డకట్టదండి. ఈ చలికి గడ్డకట్టే నూనె మా ఇంట్లో ఒక్కటే ఉంది."

ఆంటీ చెయ్యి ఆగిపోయింది. నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదివాను.

సుబ్బరాజు గారి ఎడమ చెయ్యి మెల్లగా లేచి, దారిలో ఒకసారి వణికి, ఆవిడ చేతి మీద వాలింది.

"దీనికి రాయడం ఆపకు శ్యామా" అన్నారు. "దాని జోలికి మాత్రం పోకు."

ఆవిడ కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు నూనె ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకున్నారు.

"ఆ బంతేదీ?" అని అడిగారాయన.

సోఫా కింద దొరికింది. వెతకడంలో నాకు బోలెడు అనుభవం కదా. ఎడమ అరచేతిలో పెట్టాను. ఒకసారి నొక్కారు. రెండోసారి నొక్కారు. మూడోసారి నూనెకి జారి వంటగదిలోకి దొర్లింది.

"రెండు" అన్నారు ఆంటీ, పరుగెత్తుకెళ్ళి తెస్తూ. "మళ్ళీ మొదలెట్టండి."