లోరీన్ తలుపు

రాకెట్ వాళ్లు మళ్లీ బరువు తగ్గించమన్నారు. సోమవారం పొద్దున కాఫీ చల్లారకముందే కబురొచ్చింది. లోరీన్ ప్రిచెట్ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

చంద్రుడి మీద నలుగురు మనుషులు నెల రోజులుండే ఇల్లు తయారు చేయించడం ఆమె పని. వయసులో ఉన్నప్పుడు ఇలాంటి ఇళ్లు తనే గీసింది. తర్వాత గీసేవాళ్ల మీద పెత్తనం ఇచ్చారు. మొదటి రెండు ఇళ్లు చెక్క నమూనా దాకా వచ్చి, పైన గద్దె మీద మనుషులు మారగానే ఆగిపోయాయి. ఇది మూడోది. ఇదన్నా ఎగిరితే చూసి ఇంటికి పోదామని ఆమె ఆశ.

హ్యూస్టన్‌కు దక్షిణాన, క్లియర్ లేక్ పక్కనున్న పెద్ద షెడ్డులో ఆ ఇంటి నమూనా నిలబడి ఉంది. ప్లైవుడ్ గోడలు, అట్టపెట్టెల మంచాలు. లోపలికి వెళ్లేవాళ్లెవరైనా గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి.

"బల్ల తీసెయ్" అంది లోరీన్.

థావో తలెత్తలేదు. లోపలి సామానంతా గీసింది ఆ పిల్లే. నలుగురూ చుట్టూ కూర్చునే ఆ మడత బల్ల కోసం రెండేళ్లు కష్టపడింది.

"తీసేస్తే ఎక్కడ తింటారు మేడమ్?"

"చేతిలో పెట్టుకుని తింటారు. నా మధ్యాహ్నం భోజనం ఎన్నో ఏళ్లుగా అంతే."

"అందుకే మీరు ఎవరితోనూ మాట్లాడరు."

మూలన చెక్కను గరుకు కాగితంతో రుద్దుతున్న రూబెన్ కాంటూ చేయి ఆపి నవ్వాడు. నమూనాలు కట్టే వడ్రంగి అతను. లోరీన్‌తో పాటే జుట్టు నెరిసినవాడు.

"నవ్వకు రూబెన్. నిన్ను కూడా తీసేస్తే ఇంకా బరువు తగ్గుతుంది."

"నన్ను చంద్రుడి మీదికి పంపిస్తున్నావని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు రూబెన్.

శుక్రవారానికల్లా తేల్చాలి. బల్ల లేకుండా నలుగురు వ్యోమగాములను మూడు రోజులు నమూనాలో ఉంచి చూద్దామని లోరీన్ అంది. వాళ్లకు ఇబ్బంది లేకపోతే బల్ల పోయినట్టే. థావో వెళ్లి మరలు విప్పే సామాను తెచ్చుకుంది. తను గీసిన బల్లను తనే విప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం లోరీన్ చూడ్డానికి వెళ్లింది. మేజోళ్లతో లోపలికి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయింది.

నలుగురూ కింద కూర్చుని టోర్టియా రొట్టెలు తింటున్నారు. మధ్యలో రెండు సామాను సంచుల మీద ఒక తలుపు పరిచి ఉంది. మరుగుదొడ్డి తలుపు. వెనకాల మరుగుదొడ్డి బావురుమంటూ కనపడుతోంది.

"రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు హాలిస్. ఆ నలుగురికీ పెద్ద అతను. ఒకసారి అంతరిక్షానికి వెళ్లొచ్చినవాడు, భారీ మనిషి. "వంటగదీ మరుగుదొడ్డీ కలిపేశాం. స్థలం మిగిలింది."

"చేతిలో పెట్టుకుని తినమన్నాను."

"నిన్న అలాగే తిన్నాం. ఒకడు మంచం మీద, ఒకడు గోడకానుకుని. రాత్రయ్యేసరికి ఒకరి మొహం ఒకరం చూడలేదు. పొద్దున చిన్నదానికే కొట్టుకున్నాం." ఆ కొట్టుకున్నది దేనికో చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

ఇంతలో ఒకతను లేచి, మొహమాటంగా మరుగుదొడ్డి వైపు చూశాడు. మిగతా ముగ్గురూ నిట్టూర్చి కంచాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు. అతను తలుపు ఎత్తుకుపోయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవాళ ఇది మూడోసారి" అన్నాడు హాలిస్, రొట్టె గాల్లో పట్టుకుని. "వీడికి నీళ్లు తగ్గించండి మేడమ్. బరువు కూడా తగ్గుతుంది."

లోరీన్ నవ్వలేదు. ఆమె ఆ తలుపునే చూస్తోంది.

షెడ్డులో అందరూ దాన్ని లోరీన్ తలుపు అంటారు. మొదటి ఇల్లు గీసిన రోజుల్లో ఆ గదిలో ఆడది ఆమె ఒక్కతే. మరుగుదొడ్డికి తలుపెందుకు, పైన ఇరుగుపొరుగు ఎవరున్నారని నవ్వారు. ఆమె లేచి నిలబడింది. తలుపు పెడతామనేదాకా కూర్చోనంది. వాళ్లు భోజనానికి వెళ్లొచ్చారు. ఆమె నిలబడే ఉంది. చివరికి విసుగెత్తి ఒప్పుకున్నారు. ఆ ఇల్లు ఎగరలేదు గానీ, తలుపు మాత్రం ఒక నమూనా నుంచి ఇంకో నమూనాకు వస్తూనే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇది నాది అని చెప్పుకోడానికి ఆమెకు మిగిలింది అదొక్కటే.

బయటికొచ్చి బూట్లు తొడుక్కుంటూ చాలాసేపు వంగే ఉంది. నడుము నొప్పి అనుకున్నాడు రూబెన్.

"తలుపు, చట్రం, గడియలు, బందులు, అన్నీ కలిపితే బల్లంత తూగుతాయి కదా?" అంది.

"కొంచెం ఎక్కువే తూగుతాయి" అన్నాడు రూబెన్.

"అయితే బల్ల బిగించెయ్. తలుపు తీసి గుడ్డ తెర కట్టు."

అప్పటిదాకా దూరంగా ఉన్న థావో దగ్గరికొచ్చింది. "మేడమ్, అది మీ తలుపు."

"నాకెందుకమ్మా తలుపు. నేను వెళ్తున్నానా."

"తెరతో వాళ్లు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే తలుపు ఉంటుంది, బల్ల పోతుంది. రెండూ మోసే రాకెట్ నా దగ్గర లేదు."

గురువారానికి బల్ల మళ్లీ వచ్చింది. తలుపున్న చోట బూడిదరంగు తెర వేలాడింది. రూబెన్ ఊడదీసిన తలుపును రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టమంటావన్నట్టు చూశాడు. లోరీన్ చెత్తచెక్క కుప్ప వైపు చూపించింది. అతను కుప్ప మీద వేయలేదు. పక్కన గోడకు ఆనించి వచ్చాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

లోపల హాలిస్ తెరను రెండు వేళ్లతో కదిపి చూశాడు.

"వాసన సంగతి ఫ్యాన్ చూసుకుంటుంది. వినపడే సంగతో?"

బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. థావో, రూబెన్ చివర్న ఇరుక్కున్నారు. నిర్ణయించాల్సిన మనిషి లోరీన్. ఆమె లేచి తెర వెనక్కి వెళ్లి, మూత వేసి ఉన్న ఆ చెక్క పీట మీద కూర్చుని తెర లాగేసుకుంది.

బయట అంతా నిశ్శబ్దమైంది. ఎవరో గొంతు సవరించుకున్నది కూడా చెవి పక్కనే వినపడింది. ఆనాడు తను నిలబడింది సరిగ్గా ఇందుకే. తను లోపలుంటే బయట నలుగురు నోరు మూసుకుని వింటూ ఎదురుచూడకూడదని. ఇలా అయితే లాభం లేదు. బల్ల పోతుంది. థావోకు మళ్లీ తనే చెప్పాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు నీరసం వచ్చింది.

అప్పుడు హాలిస్ గొంతు లేచింది. గాల్వెస్టన్ తీరంలో వాళ్ల మామగారు పట్టిన చేప గురించి. ఎవరూ అడగలేదు. కావాలని గట్టిగా చెప్తున్నాడు.

"చేప అంత ఉండదు" అన్నాడు రూబెన్, ఇంకా గట్టిగా.

"నువ్వు చూశావా?"

"మీ మామను చూశాను. అంత చేపను పైకి లాగగలిగే మనిషి కాదు."

థావో పడీపడీ నవ్వింది. ఇంకొకరు తన పడవ గోల అందుకున్నారు. బల్ల మీద దబదబా చరిచారు. లోరీన్ కాళ్లతో పీటను రెండుసార్లు తన్ని చూసింది. ఆ చప్పుడు తనకే వినపడలేదు.

ఇలా చేయమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బల్ల చుట్టూ కూర్చున్నారు కాబట్టి మాట్లాడారు.

ఆమె బూట్లు లేని కాళ్లు చాపుకుని, వీపు ప్లైవుడ్ గోడకు ఆనించింది. ఎన్నాళ్లకో అలా కూర్చుంది.

"మేడమ్, తెర సంగతేంటి? రొట్టెలు చల్లారిపోతున్నాయి" అని హాలిస్ కేకేశాడు.

"సరిపోతుంది" అంది లోరీన్. "వస్తాను. మీరు మాట్లాడుతూ ఉండండి."