బీమ్ మీద ప్రార్థన నూనె

రత్నమ్మకు ఏ మంచి జరగాలన్నా ముందు నూనె పడాలి. పాస్టరయ్య ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె, అందులో ఒక చుక్క జాజి అత్తరు, చిన్న సీసాలో పోసి కొంగున ముడేసుకుని తిరిగేది. గడపకు రాసింది. కూతురు ఎస్తేరుకు జ్వరమొస్తే నుదుటికి రాసింది. పరీక్షలప్పుడు అట్టకు రాసింది. అన్నీ గట్టెక్కాయి. మరి ఆమె నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?

పొద్దంతా వరంగల్ మార్కెట్లో మిరపకాయల తొడిమలు తుంచి, మండే చేతులతో ఇంటికొచ్చేది. ఎస్తేరేమో బడిలో డ్రిల్లు మాస్టారు సారంగపాణి దగ్గర జిమ్నాస్టిక్స్‌లో పడింది. బీమ్ అంటే ఛాతీ ఎత్తున నిలిపిన బెత్తెడు వెడల్పు దూలం. దాని మీద ఆ పిల్ల పల్టీ కొడితే చూసేవాళ్ల గుండె జారేది గానీ, ఆమె కాలు జారేది కాదు.

డెబ్బై తొమ్మిదిలో హనుమకొండలో సెలక్షన్లు పెట్టారు. నెగ్గినవాళ్లను ఒలింపిక్స్ కోసం తయారుచేసే క్యాంపుకు తీసుకుంటారు. ఎస్తేరుకు అంతకు మించిన కోరిక లేదు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

ఆ పొద్దున అందరూ టీకి పోయినప్పుడు రత్నమ్మ హాల్లోకి వెళ్లి, బొటనవేలితో బీమ్ మీద సిలువ గీసింది. బిడ్డ బతుకంతా దీని మీదే ఉంటే ఇంత పిసినారితనమా అనిపించింది. సీసా మొత్తం వంచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో రుద్దింది. పిచ్చి తల్లి!

మొదట పిలిచింది ఎస్తేరునే. తొలి పల్టీకే పాదం జారింది. మోకాలు విరిగిన చప్పుడు వెనక వరుసలో తల్లికి వినిపించింది.

"ఏమైంది బిడ్డా?" అని పరుగెత్తాడు సారంగపాణి.

"నా కాలే తప్పింది సార్."

అందరూ పిల్లను ఎత్తుకుని దవాఖానకు ఉరికారు. అప్పటికి రత్నమ్మకు తను చేసిన పని అర్థమైంది. కొంగుతో దూలమంతా తుడిచేసింది. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పలేదు.

మోకాలు అతికింది గానీ ఆ పిల్ల మళ్లీ బీమ్ ఎక్కలేదు. ఎనభై ఆరు నాటికి ఎస్తేరు నర్సంపేటలో డ్రిల్లు టీచరు. బడి పోటీలు చూడమని తల్లిని తీసుకుపోయింది. పిల్లలు ఎక్కేముందు కుంటుకుంటూ వచ్చి, గుడ్డతో బీమ్‌ను చివరికంటా తుడిచి, ఆ గుడ్డను వాసన చూసింది.

కూతురు దగ్గరికొచ్చాక రత్నమ్మ అడిగింది. "బిడ్డా, నీకు ఎరుకేనా?"

"చేతులు ఆనిచ్చినప్పుడే జాజి వాసనొచ్చిందమ్మా."

"మరి ఎందుకెక్కినవే?"

"నువ్వు కండ్లు మూసుకొని ప్రార్థన చేత్తానవ్. నేను ఆగి తుడిస్తే అందరూ నిన్ను తిడుతరు గద. జర పైలంగ పోతే నిలబడుత అనుకున్న."

పిల్లలు పిలుస్తుంటే ఎస్తేరు గుడ్డను తల్లి ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. రత్నమ్మ ఆ గుడ్డను ముఖానికి అదుముకుని, అంతమంది ముందూ గొంతెత్తి ఏడ్చింది.