నూకరాజు కప్పు

మా ఆయన నూకరాజు కోపం వస్తే అన్నం మానేసే రకం కాదు. శుభ్రంగా కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు తీరిగ్గా ఏదో ఒక తిక్కపని చేసి వస్తాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలాంటివి చాలా చూశాను. ఆ ఏడాది కార్తీకంలో ఆయన కప్పు అమ్మేసి రావడం మాత్రం నేను కలలో కూడా అనుకోనిది.

ముందు ఆ కప్పు సంగతి చెప్పాలి. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఆయన ఫిట్టరు. పెళ్లైన కొత్తలో షెడ్డు ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. బూట్లా పాడా, ఒట్టి కాళ్లతోనే. ఒక ఏడు రైల్వే పోటీల్లో మావాళ్లు నాగపూర్ జట్టు మీద గెలిచారు. గెలిపించిన గోలు మా ఆయనదే. పెద్ద దొర చేతుల మీదుగా వెండి కప్పు ఇచ్చారు. ఇచ్చినట్టే ఇచ్చి, ఆ సాయంత్రమే తీసుకుపోయి దొరల ఇన్‌స్టిట్యూట్‌లో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ గుమ్మం మనవాళ్లు తొక్కకూడదు. గెలిచినవాళ్లు తమ కప్పును కిటికీ చువ్వల్లోంచి చూసుకోవాలి!

దీనికి ఎర్రయ్యకి ఒళ్లు మండింది. ఎర్రయ్యదీ మా ఆయనదీ అనకాపల్లి పక్కన ఒకటే ఊరు. షెడ్డులో ఇత్తడి పోత పనంతా అతనిదే. ఆ కిటికీ దగ్గర నిలబడి కప్పును బాగా చూసుకొచ్చాడు. ఫోర్‌మన్‌ను బతిమాలి కాస్త తుక్కు ఇత్తడి అడిగి తెచ్చుకున్నాడు. మట్టితో అచ్చు కట్టి, అలాంటి కప్పే పోసి, తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది నీదిరా నూకా. దీనికి తాళం నేదు" అన్నాడు.

దూరం నుంచి చూసి పోసింది కదా, అసలు దానిలా నాజూగ్గా కుదరలేదు. పొట్ట లావైంది, మెడ పొట్టిదైంది. మూత మీద ఫుట్‌బాలని ఒక గుండు పెట్టాడు. నాకది నిమ్మకాయలా కనిపించేది. ఆ మాట అంటే మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. మా ఒంటి గది క్వార్టర్‌లో గోడవార ఉన్నది ఒక్కటే అరుగు. దాని మీద దేవుడి పటానికి ఒక మూల, కప్పుకి మూడు మూలలు. ఆదివారం వస్తే ఇటుక పొడి పెట్టి తనే తోముకునేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. బిందెలూ చెంబులూ తోమి తోమి నా చేతులు అరిగిపోతున్నా, ఆ ఒక్క ఇత్తడికి మాత్రం నా చెయ్యి పనికిరాలేదు. నాకు కోపంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

ఇన్నేళ్ల తర్వాత, ఆ కార్తీకంలో, షెడ్డు కుర్రాళ్లు జట్టు కడుతూ మా ఆయన్ని పక్కన పెట్టారు. "చాచా, ఇక నువ్వు కూర్చుని చూడు" అన్నారట. ఆయనకి అప్పటికే జుట్టు నెరిసింది, మోకాలు పట్టేస్తోంది. కుర్రాళ్లు తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. ఇంటికొచ్చి, పప్పుచారుతో రెండు వాయిలు తిని, కప్పును తువ్వాల్లో చుట్టుకుని శనిచరీ బజారుకు పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో కొత్త గొడుగు.

"ఇదేటి?" అన్నాను.

"గొడుగు. కనబడ్డం నేదేటి?"

"కప్పేదీ?"

"అమ్మీసినాను. ఆటే నేనప్పుడు కప్పెందుకు?"

ఆకాశంలో మబ్బు ముక్క లేదు. చలికాలంలో గొడుగు కొన్న మనిషిని బిలాస్‌పూర్ మొత్తం మీద ఆయన్నే చూశాను.

మర్నాడు తెల్లారేసరికి కోపం దిగిపోయింది. లేచి, అలవాటు ప్రకారం అరుగు వైపు చూసి, అలాగే ఉండిపోయాడు. డ్యూటీకి పోవాల్సినవాడు తిన్నగా, కప్పు అమ్మిన పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాడు. కొట్టువాడు చేతులు తిప్పేశాడట. "అరే భయ్యా, వో తో గయా, అమ్ముడైపోయింది. గుడి దగ్గర ఉండే మీ తెలుగు బాయి లే గయీ" అన్నాడట.

గుడి దగ్గర తెలుగు బాయి అంటే అచ్చియమ్మే. గ్యాంగు మేస్త్రీ పనిచేస్తూ పోయిన అమ్మన్న భార్య. మా క్వార్టర్ల లైన్ల చివర వేపచెట్టు కింద నూకాలమ్మకి మావాళ్లు కట్టుకున్న చిన్న గుడి ఉంది. దాన్ని ఊడ్చి, దీపం పెట్టి, ఏటా ఉగాది ముందు రోజు కొత్తమావాస్యకి అమ్మవారి ఘటం తలకెత్తుకుని లైన్లన్నీ తిరిగేది ఆవిడే. ప్రతిసారీ మట్టి ఘటమే. కిందటేడు సగం దారిలో అది పగిలితే మావాళ్లంతా భయపడ్డారు. వచ్చే ఏటికి ఇత్తడి ఘటం చేయిస్తానని ఆవిడ మొక్కుకుంది. కొట్టులో మా కప్పు కనిపించింది. లావు పొట్ట, పొట్టి మెడ, పట్టుకోవడానికి రెండు చెవులు, పైన నిమ్మకాయ. ఆటల కప్పు మొహం ఆవిడ ఎన్నడైనా చూస్తే కదా! అమ్మే పంపించిందనుకుని కళ్లకద్దుకుని కొనేసింది.

మా ఆయన గుడికి వెళ్లేసరికి కప్పుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, అమ్మవారి పక్కన కూర్చోబెట్టి ఉంది. అది నాది, ఇచ్చెయ్యి అని ఏ నోటితో అడుగుతాడు? దండం పెట్టుకుని వచ్చేశాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు. జన్మలో గుడి మెట్టెక్కని మనిషి, డ్యూటీ దిగి మసి బట్టలతోనే పోయి, ఘటం ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. మా లైన్లో ఆడవాళ్లంతా నీ మొగుడికి ఎంత భక్తి కుదిరింది కనకం అంటూ ఉంటే నేనూ కొన్నాళ్లు పొంగిపోయాను. ఒకరోజు ప్రసాదానికని వెళ్లి చూద్దును కదా, మహానుభావుడు అమ్మవారికి వీపు పెట్టి, కప్పు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఉగాది దగ్గర పడుతుండగా కర్గీ రోడ్ స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఎర్రయ్యని కొన్నేళ్ల కిందటే అక్కడి పంపు హౌసుకి మార్చారు. కొత్తమావాస్యకి బిలాస్‌పూర్ వస్తున్నానని, మన కప్పులోనే పానకం తాగుదామని గార్డు ద్వారా చెప్పి పంపాడు. మా ఆయన మొహం పాలిపోయింది. అన్నం తినే మనిషి నిజంగానే అన్నం మానేశాడు. అది చూసి నాకు భయం వేసింది.

"అచ్చియమ్మప్పనడగరాదా?" అన్నాను.

"అమ్మకిచ్చింది ఎనక్కడుగుతారేటే? కళ్లు పోతాయి."

"మరి ఎర్రయ్యకేటి సెప్తావు?"

"అదే తెల్డం నేదు" అన్నాడు. ముందు పెట్టిన కంచం పక్కకి నెట్టేశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని అలా చూడలేదు. ఆ కప్పంటే నాకున్న మంటంతా ఆ పూటతో చల్లారిపోయింది. ఇక ఆయనకి చెప్పకుండా నేనే వెళ్లి అచ్చియమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ విని, సరే వెళ్లు అంది, అంతే.

కొత్తమావాస్య పొద్దున్న అచ్చియమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. పసుపు కడిగేసి, చింతపండుతో తోమిన కప్పును కొంగు కిందనుంచి తీసి మా ఆయన ముందు పెట్టింది.

"తీసుకో తమ్ముడూ."

"ఏటప్పా ఇది? అమ్మ సొమ్ము గదా!"

"ఒకడి ఏడుపున్న సొమ్ము అమ్మకెత్తకూడదు. ఇచ్చినోడు మనసారా ఇచ్చుండాల. నువ్వియ్యలేదు, కోపంలో పారీసినావు. అలాటి ఘటం నెత్తి మీద బండరాయయిపోద్ది. మోసీది నేను. నాకసలే మెడ నొప్పి."

"మరి ఈయేటికి ఘటం?" అని నేనడిగాను.

"నేదు. వట్టి సేతుల్తోనే దండమెట్టుకుంటాం. అమ్మేటీ అనుకోదులే" అని, కోపమేమీ లేకుండానే వెళ్లిపోయింది.

మా ఆయన కప్పును అరుగు మీద దాని చోట్లో పెట్టాడు. మూత సరిచేశాడు. ఎర్రయ్య రైలు వచ్చే వేళ అవుతోంది. కోరుకున్నదంతా జరిగింది. చద్దన్నం పెడితే తిన్నాడు. తిని, కప్పు ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. నేను ఊపిరి పీల్చుకుని పానకంలోకి బెల్లం కొట్టడం మొదలుపెట్టాను.

గుడి దగ్గర డప్పు మోగింది. కాసేపు మోగి ఆగిపోయింది. ఘటం లేదని అక్కడ అప్పుడే తెలిసినట్టుంది. మా లైన్లో అందరూ గడపలు కడిగి ముగ్గులు వేసుకుని, ఘటం మోసే ఆమె కాళ్ల మీద పొయ్యడానికి పసుపు నీళ్ల చెంబులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఆయన తలుపు దగ్గరకు వెళ్లి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. లోపలికొచ్చాడు. మళ్లీ తలుపు దగ్గరకు వెళ్లాడు. పక్కింటి మంగాయమ్మ చంటిపిల్లను చంకనేసుకుని, చెంబుతో అలాగే నిలబడి ఉంది.

"కనకం, పసుపెక్కడున్నాది?" అన్నాడు.

నా చేతిలో బెల్లం అలాగే ఉండిపోయింది. డబ్బా తీసి ఇచ్చాను. ఎవరి చెయ్యీ పడనివ్వని కప్పుకి తన చేత్తోనే పసుపు రాశాడు. చెవులకీ, పొట్టకీ, మూత మీద గుండుకీ, ఎక్కడా తళుకు కనబడకుండా రాశాడు. రాస్తున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు, మొహమంతా పసుపైంది. నేను బొట్లు పెట్టాను. గుమ్మం ముందు వేప రెమ్మలు తెంపి చుట్టూ కట్టాడు.

"అప్పకి మెడ నొప్పంట. నువ్వెత్తుకో" అన్నాడు.

"నేనా?"

"నువ్వే. ఇంకెవులున్నారు?"

చీర చెంగు చుట్టగా చుట్టి నా తల మీద పెట్టి, దాని మీద కప్పు తనే పెట్టాడు. ఆ పూటదాకా నేను దాన్ని ముట్టుకుని ఎరగను. బరువుందా అంటే ఉంది, ఎర్రయ్య ఇత్తడి దగ్గర పీనాసితనం చూపించలేదు. కానీ నాకు ఏడుపొచ్చింది బరువుకి కాదు. ఆయన నా ముందు నడుస్తూ దారి తప్పుకోండని కేకలేస్తుంటే, గడప గడపకీ నా కాళ్ల మీద చల్లటి నీళ్లు పోస్తుంటే, ఆ రోజు నాకంటే గొప్పవాళ్లు బిలాస్‌పూర్‌లో ఎవరూ లేరు. గుడి దగ్గర అచ్చియమ్మ మమ్మల్ని చూసి హారతి వెలిగించింది. డప్పు మళ్లీ అందుకుంది.

అక్కడి నుంచి మిగతా లైన్లు తిరుగుతుంటే, స్టేషన్ నుంచి తిన్నగా వచ్చిన ఎర్రయ్య లైను మలుపులో ఎదురయ్యాడు. పోసినవాడికి పసుపు అడ్డమా! చూడగానే గుర్తుపట్టి నిలబడిపోయాడు. మా ఆయన పోయి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మీసినానురా ఎర్రయ్యా. కోపంలో అమ్మీసి గొడుగు కొనుక్కున్నాను. అప్ప తెచ్చి అమ్మ దగ్గరెట్టింది."

ఎర్రయ్య మా ఆయన్నీ, నా నెత్తి మీద ఘటాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎదవా, ముందే సెప్తే మెడ కాస్త పొడుగ్గా పోసీవోణ్ణి గదరా. ఘటానికి ఆ మెడేటి?" అన్నాడు. అని, డప్పువాడి దగ్గర డప్పు లాక్కుని తనే వాయించడం మొదలుపెట్టాడు.

ఘటం గుడిలో దింపాక అచ్చియమ్మ పానకం పోసింది. ఎర్రయ్య అక్కడే ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. మేమిద్దరం ముందు ఇంటికి నడిచాం. ఖాళీ అరుగు చూసి మళ్లీ దిగులు పడతాడేమోనని నేను లోపల భయపడుతూనే ఉన్నాను.

"కనకం, ఆడు నాకది ఊరికే ఇచ్చినాడే. అమ్ముకోమని ఇయ్యలేదు" అన్నాడు దారిలో.

"ఔను."

"కప్పు పోనాదని కాదు నా ఏడుపు. అప్ప మా ఇంటికొచ్చి అమ్మకి కావాలని అడిగుంటే ఇచ్చీసీవోణ్ణి. అమ్మడం ఏటి? ఆ ముక్కే మింగుడు పడ్డం నేదు."

"ఈయేళ ఇచ్చీసినావు గదేటి."

నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఇచ్చీసినాను" అన్నాడు. ఇంటికొచ్చి, ఎర్రయ్య వచ్చేదాకా ఉండలేక, కంచం తనే వాల్చుకుని కూర్చున్నాడు.