నోటినిండా పిల్లలు

న్యెపి రోజు బాలి ద్వీపమంతా నోరు మూసుకుని కూర్చుంటుంది. పొయ్యి రాజెయ్యరు, దీపం పెట్టరు, గడప దాటరు, పని ముట్టరు. పొద్దున ఆరింటి నుంచి మర్నాడు ఆరింటి దాకా అంతే. మనుషులకిది బాగానే ఉంటుంది. ఉప్పునీటి తొట్టెల్లో ఉన్న చేపలకే చచ్చే చావు, ఎందుకంటే నీళ్ళలోకి గాలి ఊదే పంపు కూడా ఆపెయ్యాలి.

ఇంట్లోనే రంగుచేపలు పెంచే రస్మినికి ఇది కొత్తేం కాదు. ఏటా రెండు రోజుల ముందే మేత ఆపేస్తుంది. తిన్న చేపకు అరిగించుకోవడానికి ఊపిరి ఎక్కువ కావాలి. తినకుండా వదిలేసిన మేత కుళ్ళి, నీళ్ళలో ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్న చేప ఒక రోజు పంపు లేకపోయినా ఎలాగో నెట్టుకొస్తుంది.

ఈ ఏడు మాత్రం ఆమెకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. పెద్ద తొట్టెలోని నల్లచారల బంగ్గాయి చేపల జంటలో మగచేప, గుడ్లు నోట్లో పెట్టుకుని ఇరవయ్యారు రోజులైంది. ఆ జాతిలో మోసేది తండ్రే. ఆడది గుడ్లు వాడికి అప్పగించేసి హాయిగా తింటూ తిరుగుతుంది. వాడు నెల్లాళ్ళపాటు ఏమీ ముట్టడు. గవదబిళ్ళలు లేచిన పిల్లాడిలా దవడలు ఉబ్బించుకుని ఓ మూల నిలబడి ఉంటాడు. నోరు నిండా ఉన్నవాడికి ఊపిరాడడమే కష్టం. నీళ్ళలో గాలి తగ్గిందా, మోసినదంతా ఉమ్మేస్తాడు. ఇంతకుముందు రెండుసార్లు అదే జరిగింది.

ఆ పిల్లల కోసం ఆమెకంటే ఎక్కువ తపించిపోతున్నది మామగారు లాద్రా. నలభయ్యేళ్ళు సముద్రంలో మునిగి రంగుచేపలు పట్టి అమ్మిన మనిషి. "లక్ష చేపల్ని పట్టుంటానమ్మాయ్. ఒక్కటి పుట్టగా చూళ్ళేదు," అంటుంటాడు. కళ్ళకు పొర కమ్ముతోంది. చూపు పూర్తిగా పోయేలోగా ఆ ముచ్చట తీరాలని ఆయన ఆశ.

తీరా ఆయనే కొంప ముంచాడు. రేపు ఊరంతా పస్తే కదా, పాపం ఈ మూగజీవాలు కూడా ఎందుకు మాడాలని, ముందురోజు సాయంత్రం పిడికెడు దంచిన రొయ్యలు తొట్టెలో చల్లాడు. పొద్దున పంపు ఆపేశాక గాని రస్మిని చూడలేదు. తొట్టె అడుగున తెల్లటి తుక్కు.

"మామయ్యా, నిన్న మేతేశారా?" అని గుసగుసగా అడిగింది.

ఆయనకు ఆ రోజు మౌనవ్రతం. మూసిన పిడికిలి చూపించి, సంతోషంగా తలూపాడు.

"మీకు దణ్ణం పెడతాను! పంపు ఆపేముందు మేతేస్తే వీటి గొంతు పిసికినట్టే కదండీ!"

ముసలాయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. అది చూశాక ఆమెకు తిట్టబుద్ధి కాలేదు. సన్న గొట్టంతో తుక్కు తియ్యగలిగినంత తీసింది. ఈలోపు ఎండెక్కింది, నీళ్ళు వేడెక్కాయి. వేడినీళ్ళలో గాలి నిలవదు. మధ్యాహ్నానికి చిన్నచేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మూలనున్న తండ్రి మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

ఇక రస్మిని ఆగలేకపోయింది. కొబ్బరిచిప్ప తీసుకుని, నీళ్ళు ముంచి, మూరెడు ఎత్తు నుంచి ధారగా పొయ్యడం మొదలుపెట్టింది. పడే నీళ్ళు తమతో కాస్త గాలిని లోపలికి తీసుకెళతాయి. లాద్రా రెండో చిప్పతో అటుపక్క నిలబడ్డాడు.

"ఎవరది నీళ్ళతో ఆడుతున్నది?" గోడమీంచి ఓ తల లేచింది. ఊరి కాపలాదారు సుబాగియా. "ఏంటి వదినా ఇది? ఇవాళ పని చెయ్యకూడదని నేను చెప్పాలా నీకు? పెద్దలకు తెలిస్తే జరిమానా నీకు, చీవాట్లు నాకు."

"పని కాదు తమ్ముడూ, కాన్పు."

"కాన్పా? ఎవరికి?" అంటూ సుబాగియా అనుమానంగా ముసలాయన వైపు చూశాడు. లాద్రా కోపంగా తొట్టె వైపు వేలు చూపించాడు.

"కాన్పంటే ఇవాళైనా అంబులెన్సును పోనిస్తారా లేదా?" అంది రస్మిని.

"తల్లినైతే పోనిస్తాం..."

"ఇక్కడ మోసింది తండ్రి. వాడి మీద నీకేం కక్ష?"

సుబాగియా చుట్టూ తిరిగి లోపలికొచ్చి అద్దం దగ్గర వంగాడు. చేప నోరు కొద్దిగా తెరుచుకుంది. లోపల వెండిచుక్కల్లా కళ్ళు, డజన్లకొద్దీ కళ్ళు, బయటికి చూస్తున్నాయి.

"ఓరి దేవుడా! నన్నే చూస్తున్నాయి వదినా!" అతను లేచి గళ్ళ లుంగీ ఎగ్గట్టాడు. "పంపు వేస్తే మాత్రం ఊరుకోను. ఇంకో చిప్పుందా?"

ముగ్గురూ పోశారు. పొద్దు వాలుతుండగా తండ్రి మూల వదిలి ముందుకొచ్చి నోరు బార్లా తెరిచాడు. ఒకటి బయటికొచ్చింది. బియ్యపుగింజంత, కాని చారలు, తోక, రెక్కలు, ఏదీ తక్కువ లేదు. తర్వాత ఇంకొకటి, ఆ వెనక గుంపు. సుబాగియా చేతులు జోడించాడు. తన చిప్ప ఎప్పుడు కిందపడిందో రస్మినికి తెలియలేదు. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సంగతి ఏదీ జరగలేదనిపించింది ఆమెకు.

అంతలో తల్లి వాటివైపు తిరిగింది, ఆకలితో. పుట్టిన పిల్లలు సముద్రపు ముళ్ళకాయ అనే ఒంటినిండా ముళ్ళున్న జీవి చాటున దూరి బతుకుతాయి. అదీ ఊపిరి పీలుస్తుందని, తొట్టెలో ఉన్నదాన్ని ముందురోజే రస్మిని సముద్రంలో వదిలేసింది.

లాద్రా చెయ్యి నీళ్ళలో ముంచి, వేళ్ళు విప్పాడు.

పిల్లలన్నీ వచ్చి ఆ వేళ్ళ సందుల్లో దూరాయి. ఒకప్పుడు అవే వేళ్ళు పగడపు రాళ్ళ సందుల్లోకి విషం చిమ్మేవి. చేపలు మత్తెక్కి తేలి చేతికి చిక్కేవి, పగడం తెల్లబడి చచ్చిపోయేది. ఆ మాట ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు పొర కమ్మిన కళ్ళు మూసుకుని, చర్మానికి తగిలే ప్రతి చిన్న తోకనూ వింటున్నట్టు కూర్చున్నాడు. రాత్రంతా మిగతా ఇద్దరూ వంతులవారీగా నీళ్ళు పోశారు. ఆయన చెయ్యి కదపలేదు.

పొద్దున ఆరు కాగానే పంపు గరగరలాడింది. రస్మిని సముద్రానికి పరిగెత్తి, బకెట్లో ముళ్ళకాయ తెచ్చింది.

"ఇక తీసెయ్యండి మామయ్యా, తిమ్మిరెక్కుంటుంది."

ఆయన మౌనం అప్పటికి ముగిసింది.

"కాసేపు ఉండనీ అమ్మాయ్," అన్నాడు. "ఈ చేతి సంగతి వీటికి తెలీదు."