గది అంటే ఏది?

"దండెం కాడ గంత సేపు ఎందుకు నిలవడ్డవ్? ముందుగాల చున్నీ కప్పుకో. లైన్ల అందరు సూస్తుండ్రు."

మొగుడు శ్రీహరి ఈ మాట అనే సమయానికి వనిత ఆరేస్తున్నది అతని పనిబట్టలే. బొగ్గు మసి వదిలేదాకా బండకేసి రుద్ది, కుడిచేత్తోనే పిండి, కుడిచేత్తోనే దండెం మీదికి విసురుతోంది. ఎడమచేత్తో బరువు ఎత్తొద్దని ఆపరేషన్ చేసినప్పుడే కరీంనగర్ డాక్టర్లు చెప్పారు. ఆ మాట ఇంట్లో అందరూ శ్రద్ధగా విన్నారు, బకెట్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. కంపెనీ క్వార్టర్ల వరుసలో ఎవరి కళ్లు ఎటు తిరుగుతున్నాయో కనిపెట్టే తీరిక మహానుభావుడికి ఉంది గానీ, తడి ప్యాంటుకు రెండో కొస పట్టుకునే తీరిక లేదు. వనిత చున్నీ కప్పుకోలేదు. నైటీ మీద ఎండ పడుతుంటే అలాగే నిలబడి చివరి బనీను కూడా ఆరేసింది.

ఎడమ రొమ్ము తీసేసి ఏడాది దాటింది. కట్టు విప్పిన రోజు శ్రీహరి ఒక్కసారి చూసి, "గిట్లెట్ల?" అని గోడవైపు తిరిగిపోయాడు. ఆ సాయంత్రమే, "నాది షిఫ్టు డ్యూటీ, నాకు నిద్ర సాలది, నువ్వు అవ్వ దగ్గర పండుకో" అని ఆమె చాప ముందరింట్లోకి పంపించాడు. "మొగోడు బుగులువడ్డడు, పాపం" అని కొడుకు భయాన్ని వెనకేసుకొచ్చింది అత్త సమ్మవ్వ. కుట్లు ఈమెకు, పాపం అతనికి! ఆ తర్వాత ఆడపడుచు ఇంట్లో తొట్టెల ఫంక్షన్ వచ్చింది. "సుట్టాలు మస్తు మంది వస్తరు, గింత గుడ్డ వెట్టుకో పిల్లా" అని అత్తే పాత చీర ముక్క మడిచి జాకెట్టులో పెట్టింది. వంగి అన్నం వడ్డిస్తుంటే ఆ మడత జారి కడుపు మీదికి వచ్చింది. బంతిలో కూర్చున్న ఆడవాళ్లు పక్కకు చూశారు. ఇంటికొచ్చాక శ్రీహరి, "ఇజ్జత్ తీసినవ్ నాది" అని చెప్పు విసిరాడు. జారింది ఎవరి గుడ్డ, పోయింది ఎవరి ఇజ్జతు? అప్పటి నుంచి వనిత లోపల ఒక కోపం పెరుగుతూ వచ్చింది. అది ఏడుపై బయటికి పోతుందేమోనని చాలా రోజులు చూసింది. పోలేదు. సరే, ఉండనీ అనుకుంది. దానికి తిండి పెట్టి మరీ పెంచుకుంది.

మొన్నటి చెకప్‌లో, కావాలంటే రొమ్మును మళ్లీ కట్టే ఆపరేషన్ చేయించుకోవచ్చన్నారు. తొందరేమీ లేదు, ఇంట్లో కూర్చుని ఆలోచించుకోమని నర్సు ఒక యాప్ ఎక్కించింది. అందులో ఏ పద్ధతి ఎలా ఉంటుందో ఫొటోలతో చూపిస్తారు, ప్రశ్నలు అడుగుతారు, చెప్పిన జవాబులు నేరుగా డాక్టర్‌కు చేరతాయి. "ఫోన్ నంబర్ చెప్పమ్మా" అని నర్సు అడిగితే వనిత నోరు తెరిచేలోపే శ్రీహరి తన నంబర్ చెప్పేశాడు. ఆమె గ్యాసు, ఆమె బ్యాంకు, ఆమె ఆధార్ అన్నీ అతని నంబర్ మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆమె రొమ్ము కూడా అతని ఫోన్లోకే వెళ్లింది.

అతను రాత్రి షిఫ్టు దిగి మధ్యాహ్నం గురక పెడుతున్నప్పుడు వనిత ఆ ఫోన్ తీసుకుని వంటింట్లో కూర్చుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక్కో ఫొటో చూసింది. పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తీసి ఛాతీ మీద పెడతారట. ఆ పొట్ట మీద ఇదివరకే రెండు కాన్పుల కోతలున్నాయి. ఇంకో పద్ధతిలో లోపల సిలికాన్ సంచి పెడతారట. మూడో ఫొటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఒక ఆడమనిషి, ఛాతీ ఒకవైపు చదునుగా, అడ్డంగా గీత, ముఖంలో సిగ్గు లేదు, ఏడుపు లేదు. 'ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే' అని కింద రాసి ఉంది. ఈ మాట ఇన్నాళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంకా కిందికి వెళితే, కొత్తగా కట్టిన రొమ్ముకు మునుపటి స్పర్శ ఉండకపోవచ్చని ఉంది. వనిత ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. చెయ్యి వేసినా తనకు తెలియదన్నమాట. తెలిసేది చెయ్యి వేసినవాడికే. అలాంటిదాన్ని మళ్లీ పొట్ట కోయించుకుని, ఎవరికోసం మొయ్యాలి? పప్పు అడుగంటిన వాసన వచ్చినా ఆమె లేవలేదు.

ఆదివారం శ్రీహరి మంచం మీద కాళ్లు చాపుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఆమె ప్రశ్నలకు తనే జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. "నీకేం సమజ్ గాదు, నేన్ జెప్త తియ్" అన్నాడు. వనిత వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వింటోంది. 'మీ కోరికను మీ మాటల్లో చెప్పండి' అని ఫోన్లోని ఆడగొంతు పుస్తకాల తెలుగులో అడిగింది. శ్రీహరి పక్కనే బియ్యం ఏరుతున్న తల్లిని చూశాడు, గొంతు తగ్గించాడు.

"గది కావాలె. మునుపటి లెక్క. జర పెద్దగున్నా మంచిదే."

'మీకు గది కావాలి. సరైనదేనా?'

"ఆఁ, గదే గదే."

వనిత చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇక్కడి మనుషులకు గది అంటే 'అది'. ఆ యంత్రానికి గది అంటే నాలుగు గోడలు. ఈయన అడిగిందొకటి, అది రాసుకున్నది మరొకటి. చెబుదామని నోటిదాకా వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి అతను మరిచిన టిఫిన్ డబ్బా, తప్పిన మాట, తెగిన గుండీ అన్నీ సర్దింది ఆమే. ఈ ఒక్కటీ సర్దనని నోరు మూసుకుంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

కరీంనగర్‌లో డాక్టర్ మమతారాణి గదిలో అత్తతో సహా ముగ్గురూ కూర్చున్నారు. ఆవిడ ఏలూరు నుంచి వచ్చినావిడ. స్క్రీన్ చూసి కళ్లజోడు సర్దుకుంది.

"గది కావాలన్నారు. మునుపటిలాంటిది, ఇంకాస్త పెద్దదైనా పరవాలేదు అని. అడ్మిషన్‌కి రూమ్ గురించా?"

"రూమ్ కాదు మేడం. గది" అన్నాడు శ్రీహరి.

"నేనూ గదే అంటున్నానండీ."

"గది గాదు మేడం, గదీ… ఈమెకు పోయింది గద."

"గది పోయిందా? ఎవరు తీసుకున్నారు?"

"మీరే తీసిండ్రు" అన్నాడు శ్రీహరి, మెడ తుడుచుకుంటూ. సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచం మీద దానికి పది పేర్లు పెట్టినవాడు, తాగితే గల్లీలో పోయే ఆడవాళ్లందరి మీదా ఆ పేర్లే వాడినవాడు, ఇప్పుడు ఒక్క పేరు దొరక్క కొట్టుకుంటున్నాడు. వనిత చేతులు కట్టుకుని చూసింది. ఆమెకు జాలి రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఆగి కూడా చూసింది.

"జర నువ్వన్న చెప్పవే" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"నాకేమెరుక? జవాబులన్ని నువ్వే చెప్తివి గద."

డాక్టర్ స్క్రీన్ పక్కకు తిప్పేసింది. "ఈ జవాబులు మీవి కావా అమ్మా?"

"ఒక్కటి గూడ నాది గాదు మేడం." వనిత కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆయన అడిగేది రొమ్ము. నోట్లె నుంచి రాక గది అంటుండు. కొత్తది పెడితే నాకు స్పర్శ ఉండదంట గద, నిజమేనా?"

"మునుపటిలా రావడం కష్టమేనమ్మా."

"అయితే నాకొద్దు. నొప్పి లేదు, బరువు లేదు, నేను గిట్లనే మంచిగున్న. రొమ్ము వద్దన్నదని రాసుకోండ్రి."

ఆ మాట ఆమె తగ్గించి అనలేదు. తలుపు బయట వరుసలో కూర్చున్నవాళ్లకూ వినపడింది. శ్రీహరి తలుపు వైపు చూశాడు. అమ్మను చూశాడు, డాక్టర్‌ను చూశాడు. చివరికి, ఏడాదిగా వేరే వేరే మాటల్లో అంటున్నదాన్ని ఉన్నదున్నట్టు బయటపెట్టాడు.

"మరి నా సంగతేంది?"

వనిత లేచి చెప్పులు తొడుక్కుంది.

"గంతగనం కావాల్నంటే మేడం ఈడనే ఉన్నది. నువ్వు పెట్టిచ్చుకో."