ఎర్త్ గుంతలో బిందె నీళ్ళు

ఫ్రిజ్ ఆగిపోయిన సంగతి హెన్రీకి ముందు చెవులే చెప్పాయి. ఎనిమిది నెలలుగా వ్యానులో రాత్రింబవళ్ళు గుర్రుమంటూ ఉన్న ఆ చప్పుడు, చాగలమర్రి దాటి మట్టిరోడ్డు పట్టిన గంటకు టక్కున ఆగింది. బ్రేకు తొక్కి వెనక్కి పరుగెత్తాడు. ఫ్రిజ్‌లో తనకు నెలకు సరిపోయే ఇన్సులిన్ సీసాలు మూడున్నాయి. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. వేడి తగిలితే అది మందు కాదు, ఉత్త నీళ్ళేనని డాక్టరమ్మ ఒకటికి నాలుగు సార్లు చెప్పి పంపింది.

హెన్రీ ముప్పై ఏళ్ళు బనగానపల్లె నాపరాళ్ళ లారీ తోలిన మనిషి. భార్య ప్రసన్నకుమారి చనిపోయాక లారీ అమ్మేసి, ఒక పాత అంబులెన్సు వ్యాను కొన్నాడు. అందులో మంచం వేయించాడు, గ్యాసు పొయ్యి పెట్టాడు, చిన్న ఫ్రిజ్ బిగించాడు. ఇంజనుకు ఒక బ్యాటరీ, వెనక ఫ్రిజ్, లైట్లు ఉన్న ఇంటికి ఒక బ్యాటరీ. బండి నడుస్తున్నంతసేపూ డైనమో రెండింటినీ నింపుతూ ఉండాలి. ఈ మధ్య మూడు వారాలుగా ఇంటి బ్యాటరీ సరిగా నిండడం లేదు.

కడపలో ఉన్న చెల్లెలు రాహేలమ్మ మొదటి రోజే మొత్తుకుంది. "ఎవురూ లేకుండా ఆ డబ్బాలో ఎట్ల బతుకుతావన్నా? నడిమధ్యలో అది ఆగిపోతే పలకరిచ్చేదానికి కుక్క గూడా ఉండదు. వచ్చి మా ఇంట్లో ఉండు."

"నాకు ఎవురూ అక్కరల్యా. నాకు నేనుండా, సాలు," అన్నాడు హెన్రీ. నలుగురి ముందర అన్న మాట. దాన్ని నిలబెట్టుకోవడానికే ఊళ్ళు తప్పించి, మనుషులు లేని దారులు వెతుక్కుని తిరిగాడు. నాలుగు రోజులుగా అతను ఎవరితోనైనా మాట్లాడాడంటే పెట్రోలు బంకులో "ఫుల్ చెయ్యప్పా" అన్న ఒక్క ముక్కే. మిగతా మాటలన్నీ పొయ్యితోనూ, స్టీరింగుతోనూ.

ఫోన్ చూశాడు. సిగ్నల్ లేదు. బండ్లను ఇళ్ళుగా చేసుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే అరగంటలో పదిమంది చెప్పేవాళ్ళు. ఇప్పుడు అడగడానికి ఎదురుగా ఎర్రనేల, రాళ్ళగుట్ట, పక్క చేనులో ఒక రేకుల ఇల్లు. అంతే.

వోల్టులు కొలిచే మీటరు తీశాడు. ఇంజను ఆడుతుండగా డైనమో దగ్గర పెట్టి చూశాడు. పద్నాలుగు పాయింట్ రెండు. డైనమో బంగారం లాగా ఉంది. వెనక ఇంటి బ్యాటరీ దగ్గర పెట్టాడు. పదకొండు పాయింట్ ఆరు. అంటే అక్కడ పుట్టిన కరెంటు ఇక్కడికి చేరడం లేదు. ఫ్యూజు మార్చాడు. ఎర్ర తీగ మొదలు నుంచి చివరిదాకా వేళ్ళతో తడిమాడు. ఎక్కడా తెగలేదు, కాలలేదు. మళ్ళీ మీటరు పెట్టాడు. మళ్ళీ పదకొండు పాయింట్ ఆరే.

"ఏమప్పా, అంబులెన్సు వచ్చింది! మా చేన్లో ఎవురు సచ్చిరి?"

హెన్రీ ఉలిక్కిపడి తల ఎత్తాడు. తెల్ల గడ్డం, భుజాన తువ్వాలు, అరవై దాటిన మనిషి. రేకుల ఇంటి హుస్సేన్ సాహెబ్.

"మనుషులెవురూ సావలేదన్నా. సస్తాండేది నా బ్యాటరీ," అన్నాడు హెన్రీ. నాలుగు రోజులుగా మనిషితో సరిగా పలకని గొంతు కదా, బొంగురుగా వచ్చింది. ఇన్సులిన్ సంగతి చెప్పాడు.

"ఆ మాట ముందు చెప్పల్ల గదా!" సాహెబ్ ఇంటివైపు తిరిగి కేకేశాడు. "షంషాద్, నీళ్ళకుండ కింద ఇసుక తడిగా ఉండాదా?"

"పొద్దున్నుంచి తడుపుతానే ఉండా. నీకే కనపడదు," అంది లోపల్నుంచి షంషాద్ బీ.

మూడు సీసాలనూ మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, కుండ కింది తడి ఇసుకలో గొంతుదాకా పూడ్చింది ఆమె. పైన తడిగుడ్డ కప్పింది. హెన్రీ చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

"ఎంతసేపు ఆగుతాదక్కా?"

"మేం తడుపుతున్నంతసేపు ఆగుతాది. నువ్వు పోయి నీ బండి చూసుకో."

సాయంత్రందాకా చూసుకుంటూనే ఉన్నాడు. రెండు బ్యాటరీల నడుమ ఉండే రిలే విప్పి బిగించాడు, బ్యాటరీ మొనలు గీకి తుడిచాడు. సాహెబ్ పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తూ, అంబులెన్సులో పడుకుంటే పీడకలలు రావా అని ఒకసారి, ఇంత పొడుగు మనిషి ఆ మంచంలో ఎట్ల పడతాడని ఒకసారి అడిగాడు. హెన్రీ విసుక్కుంటున్నట్టు జవాబులు చెప్పాడు గానీ, ఆయన బీడీ అయిపోతే లేచిపోతాడేమోనని లోపల భయపడ్డాడు.

పొద్దు గుంకుతుండగా రేకుల ఇంట్లో బల్బు వేశారు. గుడ్డిదీపం లాగా వెలిగింది. షంషాద్ బీ బిందె నడుముకెత్తుకుని ఇంటి వెనక ఒక గుంతలో నీళ్ళు గుమ్మరించింది.

"అదేందక్కా, చెట్టూ లేదు చేమా లేదు, ఉత్త గుంతకు పోస్తాండావు?"

"ఎర్త్ గుంతన్నా. కరెంటు తీగ దీంట్లోనే పూడ్చినారు. ఎండకు ఆరిపోతే లైటు ఇట్లనే గుడ్డిగయితాది."

ఆ మాట అంటుండగానే బల్బు తెల్లగా తేరుకుంది.

"కరెంటు వచ్చే దారి ఉంటే సాలదప్పా," అన్నాడు సాహెబ్. "తిరిగి పోయే దారి గూడా ఉండల్ల."

హెన్రీ చేతిలో పానా అలాగే నిలిచిపోయింది. మధ్యాహ్నం నుంచీ ఎర్ర తీగనే పట్టుకు వేలాడాడు. నల్ల తీగ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటి బ్యాటరీ నుంచి బయలుదేరి బండి ఇనుప చట్రానికి బోల్టుతో బిగించి ఉండేది అదే. ఆ బోల్టు గుర్తుకు రాగానే ముఖం చిన్నబోయింది.

బనగానపల్లెలో ప్రతి క్రిస్మస్‌కూ చర్చికి సున్నం వేయించేది హెన్రీయే. గోడలో చిటికెన వేలంత చోటు వదిలినా ఊరుకునేవాడు కాదు. ఆ అలవాటుతోనే మొన్న ఈస్టరుకు బ్యాటరీ దించి, చట్రానికి పట్టిన తుప్పు గీకి, బోల్టు కూర్చునే చోటు కూడా వదలకుండా రెండు కోట్లు పెయింటు వేశాడు. ఆ పెయింటు మీదే నల్ల తీగ బిగించాడు. మొదట్లో బోల్టు మరచుట్ల సందుల్లోంచి కొంత కరెంటు పారింది. దుమ్ముకూ కుదుపులకూ అదీ మూసుకుపోయింది.

బండి కిందికి దూరి, బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా కత్తితో గీకాడు.

సంగతి విని సాహెబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెయింటు ఏసి కరెంటుకు వాకిలి మూసినావు గదప్పా! ఇంగ అదెట్ల వస్తాది?"

హెన్రీ కూడా నవ్వాడు. తీగ బిగించి ఇంజను వేశాడు. ఇంటి బ్యాటరీ మీద మీటరు పెట్టగానే అంకెలు ఎక్కసాగాయి. పన్నెండు పాయింట్ తొమ్మిది. పదమూడు పాయింట్ ఆరు. పద్నాలుగు పాయింట్ ఒకటి దగ్గర నిలిచాయి. ఫ్రిజ్ కూడా గుర్రుమని అందుకుంది.

గెలిచాడు. ఎవరి ఇంటి గడపా తొక్కకుండా బతకగలనని అన్నాడు, బతికాడు. ఇప్పుడు డబ్బా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుని బయలుదేరడమే. మైదుకూరు నలభై కిలోమీటర్లు. దారిలో ఎక్కడో బండి ఆపి, పొయ్యి వెలిగించి, తనకు తానే అన్నం పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని పడుకోవాలి. రేపూ అంతే, ఎల్లుండీ అంతే.

ఇంట్లో షంషాద్ బీ జొన్నరొట్టె తడుతోంది. చేతి గాజుల చప్పుడు వినపడుతోంది.

"ఎంతకొచ్చెనప్పా?" అన్నాడు సాహెబ్.

హెన్రీ మీటరు వైపు చూశాడు. "పన్నెండు," అన్నాడు. "ఎక్కడం ల్యా అన్నా."

సాహెబ్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మీటరు మీదికి వంగాడు. బొటనవేలంత అంకెలు. వెనక వెలుగుతున్న లైటులో చీమ కూడా చదవగలిగేటట్టున్నాయి. చాలాసేపు చూసి, హెన్రీ ముఖం వైపు చూడకుండానే కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడిచాడు.

"అవునప్పా, పన్నెండే. పన్నెండుతో పోతే దోవలో నిలబడిపోతావు. రేపు ఎలుతుర్లో చూద్దాంలే." ఇంటివైపు తిరిగి గొంతు పెంచాడు. "షంషాద్, ఇంగో నాలుగు రొట్టెలు తట్టు!"

"తట్టి శానాసేపాయె. నువ్వు ఇప్పుడు చెప్తాండావు," అంది ఆమె.

హెన్రీ ఇంజను ఆపాడు. మీటరు తీగలు చుట్టి పక్కన పెట్టాడు. వాకిట్లోంచి షంషాద్ బీ చెంబు చాపింది.

"చేతులు కడుక్కోన్నా. గ్రీసు నంజుకుని తింటావా ఏంది?"