సందేశం వెళ్లిన నంబరు

రికార్డు చూపించడానికి కుదరదండీ అన్నావు కదూ, ఆ మాట ఇవాళ పదిమందిలో నీ చేతే మింగిస్తాను సుబ్బరాజూ, అనుకుంటూ కామాక్షి ఒళ్లో కాగితాల కట్ట మళ్లీ సర్దుకుంది, అమలాపురం కరెంటాఫీసు హాల్లో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు, ముందు వరసలో ఆ ఏఈ సుబ్బరాజు మెడ, కొత్త క్షవరం, ఎవరికోసం ఈ సోకు, గోడమీద తెరలో విద్యుత్ కమిషన్ పెద్దలు, కరెంటు రేట్ల మీద బహిరంగ విచారణ, కంపెనీ దాఖలు చేసిన కాగితాలన్నీ ఇప్పుడు నెట్‌లో పెట్టాల్సిందేనట, పెట్టారు, అల్లవరం నెట్ సెంటరులో శారోన్ నలభై పేజీలు తీసిచ్చింది, చివరి గడి ప్రింటులో తెగిపోయిందండి పిన్నిగారూ అంటే, పోనీలే, నాకు కావలసింది దొరికింది అంది తను, నిరుడు ఏప్రిల్ పన్నెండు, మరమ్మతులు, తొమ్మిది గంటల కోత, కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు.

తొమ్మిది గంటలు, మబ్బు పట్టిన రోజు, చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్య ఎంతసేపు బతుకుతుంది, సాయంత్రానికి గట్టు పొడుగునా తేలాయి, ముందే తెలిస్తే జనరేటరు అద్దెకి తెచ్చుకోదూ, పక్క చెరువు మీద బావగారు ఏడుకొండలు జనరేటరు డుబడుబమంటూనే ఉంది, అంటే అందరికీ చెప్పి తనకొక్కదానికే చెప్పలేదు, మస్కట్‌లో పనిచేస్తున్న తన ఇంటాయన ఫోన్లో, సరేలే కామాక్షీ, ఇంకో రెండేళ్లు ఉంటాను అన్నాడు, ఆ రెండేళ్లు ఎవడిస్తాడు, నోటీసు పంపేమండి రికార్డులో ఉందండి అని నవ్విన ఈ సుబ్బరాజిస్తాడా, ఏడాదిగా ప్రతి ముద్దకీ ఆ నవ్వే అడ్డం పడింది, వీడి ఉద్యోగం ఊడాలి, ఊడినా చాలదు, పెళ్లాం ముందు తలెత్తుకోలేక తిరగాలి.

అల్లవరం కామాక్షిగారండీ అని పిలిచారు, లేచింది, ఆ పేజీ తెరమీద వెయ్యండి, ఆ రోజు ఎవరికి చెప్పేరో ఆయన్నే చదవమనండి అంది, సుబ్బరాజు లేచి, ఆయ్, చివరి గడిలో ఉందండి అన్నాడు.

తెరమీద పేజీ నిండుగా వచ్చింది, ఆమె కాగితంలో లేని గడి, సందేశం వెళ్లిన నంబరు, చివరి అంకెలు 7117, మామగారిది, పోయి మూడేళ్లయిన మామగారి ఫోను, కళ్లజోడు పక్కన బీరువాలో పడుంది, చెరువు కరెంటు కనెక్షన్ ఇంకా ఆయన పేరునే, పోయినవాళ్ల పేరున నడిపించెయ్యడం ఊళ్లో అందరికీ అలవాటే, అయినా లైన్‌మన్ ముత్యాలు రెండుసార్లు చెప్పాడు, పేరు మార్పించుకోండమ్మా, పెద్దకొడుకు సంతకం ఒకటి చాలండి అని, గట్టు తగువులో తనని నానా మాటలూ అన్న బావగారి సంతకమా, వచ్చి అడిగితే పెడతానని ఆయన కబురు కూడా పంపాడు, ఆ గడప తొక్కితే నా పేరు కామాక్షి కాదు అంది తను, చెప్పండమ్మా అంటున్నారు తెరలోంచి, సుబ్బరాజు నవ్వడం లేదు, నవ్వినా బాగుండును, తిట్టడానికి ఓ మొహం దొరికేది, మస్కట్‌లో ఆయన్ని ఇంకో రెండేళ్లు ఉంచింది వీడు కాదు, ఆ గడప తొక్కని తన కాళ్లే.